బల్లకొండ కింద అట్టముక్క

"ఒక్క ముక్కలో చెప్పరా," అంది అక్క, టీ వడకడుతూ. "ఎడారిలో ఆ బల్లకొండ నువ్వెక్కావు కదా. రేపు దీనికి సెలవట. ఒక్కతే పొద్దున్నే వెళ్లి కొండెక్కి సాయంత్రానికి వచ్చేస్తానని వారం నుంచీ నా ప్రాణం తీస్తోంది. వెళ్లొచ్చా, కూడదా? నువ్వు సరేనంటే పంపిస్తా. లేదంటే లేదు."

కళ్లజోళ్ల షాపులో పని ముగించుకుని బస్టాండులో అమ్మ టీ కొట్టుకొచ్చిన మేనకోడలు మావయ్య వైపు ఆశగా చూసింది. బెంచీ మీద లారీ డ్రైవరు, తాళాలు బాగుచేసే తాత చెవులు రిక్కించారు. లిఫ్టు మెకానిక్కు అయిన ఆ మావయ్య మాత్రం తీరిగ్గా కాలు మీద కాలేసుకున్నాడు.

"ఒక్క ముక్కలోనా! ఏమక్కా, కొండెక్కొచ్చిన మనిషిని పట్టుకుని ఒక్క ముక్కలో చెప్పమంటావా? అసలు ఈ ఊళ్లో ఆ కొండ గురించి మాట్లాడే హక్కు ఎవరికుంది, నాకు తప్ప? అందరూ రోడ్డు మీంచి ఫోటో తీసుకుని తిరిగొచ్చే వీరులే. నేను అలా కాదు. ఒక్కణ్నే వెళ్లా. భుజాన పనిముట్ల సంచి, ఒక నీళ్ల సీసా, రెండు బన్నులు, అంతే. తెల్లారకముందే నడక మొదలెట్టా. ముందంతా ఇసక, ఆ తర్వాత రాళ్లు, అప్పుడు మొదలైంది చూడండీ ఎండ, ఎండంటే మీరనుకునే ఎండ కాదు, బూట్ల అడుగులు కరిగి రాళ్లకి అతుక్కుపోతుంటే ఒక్కో కాలూ రెండు చేతులతో పీకి ముందుకేస్తున్నా. నా నీడ ఉంది చూశారూ, అది కూడా తట్టుకోలేక నా సంచిలో దూరింది."

"నీడ దూరిందా?" అన్నాడు డ్రైవరు.

"దూరింది. సాయంత్రం దాకా బయటికి రాలా. మాటకి అడ్డం రాకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సగం దాకా ఎక్కానో లేదో, గాలి! ఒక్క ఊపులో నన్ను నేల మీంచి లేపి మూడో అంతస్తు ఎత్తుకి తీసుకెళ్లింది. అక్కణ్నించి ఏడో అంతస్తు. ఇంకొకడైతే గుండాగి చచ్చేవాడు. రోజంతా లిఫ్టుల్లో తిరిగేవాణ్ని, నాకు ఎత్తు కొత్తా? గాల్లోనే చేతులు కట్టుకుని నిలబడ్డా, తొమ్మిదో అంతస్తు రాగానే అడుగు పక్కకేసి రాతి మీద దిగా."

అక్క చేతిలో గరిటె ఆగింది. "గాలి మనుషుల్ని ఎత్తేస్తుందా? అయితే వద్దే, ఇంట్లో పడుండు."

"అమ్మా!" మేనకోడలు మావయ్య మోచెయ్యి గట్టిగా గిల్లింది.

"అబ్బా! తొందరెందుకక్కా, పూర్తిగా వినవేం? ఆ గాలి ఇప్పుడెక్కడిది? ఎక్కణ్నించి వస్తోందా అని వెతికా. రాతిలో ఇంత కన్నం. జేబురుమాలు ఉండచుట్టి కుక్కేశా. ఆ రోజు నుంచీ అక్కడ ఆకు కదిలితే ఒట్టు."

"ఎడారి కొండ మీద ఆకెక్కడిదిరా?" అన్నాడు తాత.

"అదే కదా చెప్తున్నా, కదలట్లేదని! ఇంక గాలి పనైపోయింది. ఆ వెంటనే గద్ద. కోడిపిల్లల్ని ఎత్తుకుపోయే గద్దనుకునేరు. రెక్క విప్పితే ఈ బస్టాండు మొత్తం చీకటైపోవాల్సిందే. దొంగలా వెనకనుంచి వచ్చి నా ప్యాంటు పట్టుకుంది. అది పైకి లాగుతుంది, నేను కిందకి లాగుతా. మధ్యాహ్నం దాకా అదే వరస. నమ్మకపోతే ఆ ప్యాంటు ఇంట్లోనే ఉంది, వెనకాల జానెడు చిరుగు. అక్కే కుట్టింది, అడగండి."

"కుట్టాను," అంది అక్క. "చిరుగు మాత్రం నిజమే. గద్దలు కూడా ఉంటే ఇంక ససేమిరా పంపను."

మేనకోడలు నెత్తి కొట్టుకుంది. "మావయ్యా, నీకు దణ్ణం పెడతా. దారి బాగుంటుందో లేదో చెప్పు, చాలు. నాకు మళ్లీ సెలవు ఎప్పుడు దొరుకుతుందో ఏమో!"

"ఉండవే అమ్మడూ, నీ కోసమే చెప్తున్నా. ఆ గద్ద ఇప్పుడు లేదక్కా. వెనక్కి తిరిగి ఒక్క కసురు కసిరా. సిగ్గుపడి, పిల్లాజెల్లా అందర్నీ తీసుకుని వేరే దేశం వెళ్లిపోయింది. నేను పైకెక్కా. పైన ఎలా ఉంటుందనుకున్నారు? బల్లే! చదునంటే చదును, ఆ చివర నుంచి ఈ చివరికి గోలీ దొర్లించొచ్చు. ఇంతలో కాళ్ల కింద ఏదో తేడాగా అనిపించింది. మెకానిక్కుని కదా, ఊరుకుంటానా? సంచిలోంచి రసమట్టం తీసి నేల మీద పెట్టా. బుడగ మధ్యలో నిలవాలా? నిలవలా! ఒక పక్కకి జారింది. కొండ ఊగుతోంది!"

"కొండ ఊగుతోందా?" అంది అక్క.

"ఊగేది. ఇప్పుడు ఊగదు. కిందకి దిగి, వీపు ఆనించి, ఒక మూల కొంచెం పైకెత్తి, బన్నుల డబ్బా అట్ట మడిచి కింద పెట్టా. మళ్లీ పైకెక్కి చూశా. బుడగ సరిగ్గా మధ్యలో! అంత పెద్ద కొండ, ఒక్కడి పని, అదీ పైసా తీసుకోకుండా."

"ఈ బల్ల రెండేళ్లుగా ఊగుతోంది కదన్నా," అన్నాడు డ్రైవరు, ఒలికిన టీ తుడుస్తూ.

"చిన్న పనులు నేను ముట్టను. అప్పటికి పొద్దు గుంకబోతోంది. చీకట్లో దిగడం మంచిది కాదని సూర్యుడి వైపు చెయ్యెత్తి, ఒక్క పూట ఆగవయ్యా అన్నా. ఆగాడు! నేను ఈల వేసుకుంటూ తాపీగా దిగి, రోడ్డెక్కి, ఇంక వెళ్లవచ్చు అన్నాకే వెళ్లాడు. ఆ రోజు మన ఊళ్లో ఎంతకీ చీకటి పడలేదు. గుర్తుందా అక్కా?"

"గుర్తులేకేం," అంది అక్క. పొయ్యి తగ్గించి, వచ్చి బెంచీ మీద కూచుంది. "ఎంతకీ చీకటి పడని మాట నిజమే, నాకైతే ఆ సాయంత్రం అస్సలు గడవలా. ఈ పొయ్యి మీద పాలు మాడి బొగ్గయ్యాయి. సగం కొండ మీంచి ఫోన్ చేశావు. అక్కా, కళ్లు తిరుగుతున్నాయి, ఇక్కడ గోడల్లేవు, తలుపుల్లేవు, కింద చూస్తే ఖాళీ, నేనింక దిగలేను అని చిన్నపిల్లాడిలా ఏడ్చావు. కుడికాలు పెట్టరా నాన్నా, ఎడంకాలు పెట్టరా నాన్నా అంటూ నిన్ను ఫోన్లోనే దింపుకొచ్చా. నువ్వు కళ్లు గట్టిగా మూసుకుని, కూచుని జరుక్కుంటూ దిగావు. ఆ ప్యాంటు చింపింది గద్ద కాదు, రాళ్లు."

ఎవరూ నవ్వలేదు. తాత గ్లాసు కింద పెట్టాడు.

"ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలా," అంది అక్క. "తమ్ముడివి, నీ పరువు నా పరువు కాదూ? కానీ ఆ ఏడుపు విన్నప్పటి నుంచీ ఆ కొండంటే నాకూ వణుకే. అందుకే దీన్ని పంపలేకపోతున్నా. ఇప్పుడు నువ్వు ఇలా కోస్తుంటే ఇంకో సంగతి గుర్తొచ్చింది. నువ్వు రాయిని వాటేసుకుని ఏడుస్తుంటే ఫోన్లో ఇంకెవరిదో గొంతు వినపడింది. ఎవరో ఆవిడ. 'బాబూ, కాస్త పక్కకి జరుగుతారా, చంటిదాన్ని ఎత్తుకుని ఉన్నా, పైకి పోవాలి' అంది."

డ్రైవరుకి టీ పొలమారింది. నవ్వాపుకోలేక తాత భుజాలు అదరడం మొదలెట్టాయి.

"చంటిపిల్లని చంకనేసుకుని ఎక్కే దారేనే అది!" అక్క కూతురి వైపు తిరిగింది. "నన్ను భయపెట్టింది వీడి ఏడుపే, కొండ కాదు. వెళ్లవే. పొద్దున్నే వెళ్లు. నీళ్లు మాత్రం ఎక్కువ పట్టుకెళ్లు."

మేనకోడలు అమ్మ మెడ చుట్టేసి బుగ్గ మీద ముద్దు పెట్టింది. బెంచీ మొత్తం నవ్వులే నవ్వులు. లిఫ్టు మెకానిక్కు చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, గ్లాసు టక్కున పెట్టాడు. బల్ల ఊగింది.

"నవ్వండి, నవ్వండి. కళ్లు తెరుచుకుని ఎవడైనా దిగుతాడు. కళ్లు రెండూ మూసుకుని, ఏడుస్తూ, ఒక చేత్తో ఫోన్ పట్టుకుని ఆ కొండ దిగిన మొనగాణ్ని నన్ను కాక ఇంకొకణ్ని చూపించండి, చూద్దాం!"

"చూపించలేంరా," అంది అక్క, వాడి గ్లాసులో మళ్లీ టీ పోస్తూ. "నువ్వు మాత్రం కళ్లు తెరుచుకునే దిగవే అమ్మాయ్."