మా మిద్దె మీద రామ్‌చందర్ తీగ

ఏం జూసినవో చెప్పు. విన్నది గాదురా అంజన్, చూసింది. అవతలి బస్తీల ఇల్లు కూలిందన్నవ్, ఫైరింజన్ వచ్చిందన్నవ్, అందరు బయటికొచ్చిన్రంట అన్నవ్. ఎవలన్నరు? గుంపుల ఎవడో అన్నడు! వాడు ఆ ఇంటోడా? తలకాయ ఊపకు, నోటితోని చెప్పు. కాదు గద! సరే, సగం తడిసొచ్చినవ్, ముందుగాల ఆ చాయ తాగు. ఇంజనోళ్లు ఇంకా ఇటుకలు తీస్తనే ఉన్నరంటివి, తాగి మళ్ల పోతువు. పోతవు, పోవాల్సిందే! రేపటి సంది ఫైరాఫీసుల ఫోన్ కాడ కూసునేటోనివి, వాడన్నడంట వీడన్నడంట అని కాయితం మీద రాస్తవా? రామ్‌చందర్ ఉంటే నీ చెవి మెలేస్తుండె.

ఏ రామ్‌చందరా? మిద్దె మీద ఇనుప గుంజ చూడలే, మీ అమ్మ దండెం కడతది? అది ఆయన పాతిందే. మీ తాత దోస్తు. రేల్ కార్ఖానల ఫిట్టర్. వెనకింట్ల ఉంటుండె. నాకంటె రెండేండ్లు చిన్న, వదినా అని పిలుస్తుండె. పంతొమ్మిది వందల ముప్పై ఏడో, ముప్పై ఎనిమిదో, మీ నాయిన చంకల ఉన్నడు అప్పుడు. సర్కారు పర్మిట్ తెచ్చుకొని గాజు బుగ్గలు, రాగి చుట్టలు ఏసి ఒక డబ్బా చేసిండు. చెవులకు డొప్పలు పెట్టుకొని మీట మీద టిక్కు టిక్కు అని కొడితే, ఆడ ఇంకోడు విని రాసుకుంటడు. దాని పేరు వైర్‌లెస్. అంటే ఏందయ్యా అంటే తీగ లేంది వదినా అన్నడు. ఏం తీగ లేంది, తీగంత నా మిద్దె మీదనే ఉండె! ఆయన గుంజ కాడికెళ్లి మా గుంజ దాక పొడుగ్గ. ఒకనాడు నా చీర ఆరేసిన దాని మీద. ఉరికొచ్చిండు. "వదినా, నీ చీర బరువుకు తీగ తెగితే బస్తీ మొత్తం మూగదైతది" అన్నడు. ఇన్నేండ్లు తీగ లేకనే మాట్లాడినం గదయ్యా అన్న. నవ్విండు గని, చీర తీసేదాక కదల్లే.

ఆయన ఫికరేందంటే, మొత్తం మన బస్తీ కార్వాన్‌ల మాకు తెలిసిన టెలిఫోన్ ఒక్కటి, సేటు దుకాండ్ల. నాలుగు చినుకులు పడితే అదీ చచ్చిపోతది. అంటుకున్నా, కూలినా మనిషి ఉరకాలె ఇంజన్ కోసం. అందుకని ఆయన, ప్రకాశం అని ఇంకో దోస్తు, ఇద్దరు తమ ఖుషీతోని పెట్టిన్రు ఈ పని. ప్రకాశం సైదాబాద్ కెళ్లి సైకిల్ మీద వస్తుండె, చర్చి పాటలు పాడుకుంట. ఫైరాఫీసు వరండల మూలకు రెండో డబ్బా పెట్టుకున్నడు. వానకాలమంత ఇద్దరు పని కాడ డ్యూటీలు మార్చుకొని కూసున్నరు. జీతం లేదు, బత్తెం లేదు. ఆడి పెద్దాఫీసరు దరోగా సాబ్ నవ్వి, సరే, కూసోండ్రి అన్నడు.

ఇగ మొదటి దెబ్బ విను. ఒక పొద్దుమూకినాక మా కొట్టం దిక్కు పొగ లేచింది. రామ్‌చందర్ మిద్దె మీదికెళ్లి చూసి, కట్టెల అడ్తి అంటుకుందనుకొని కొట్టిండు టిక్కు టిక్కు. ఇంజన్ గంట కొట్టుకుంట వచ్చె. వచ్చి చూస్తే ఏముంది? మా అత్త కొమురమ్మ. బర్లకు దోమలు కుడుతున్నయని పిడకల పొగ ఏసింది, దినాం ఏసినట్టే! ఆ దినం పిడకలు పచ్చిగున్నయి, జర ఎక్కువ లేచింది, అంతే. "ఏందయ్యా, నా బర్లకు తానం పోస్తరా?" అన్నది ఇంజనోళ్లను జూసి. బస్తీ బస్తీ నవ్వింది. దరోగా సాబ్ నవ్వలే. అందరి ముంగట రామ్‌చందర్‌ను నిలబెట్టి, "దేఖా కౌన్? పహలే వో బోలో!" అన్నడు, చూసిందెవలు, ముందు అది చెప్పు అని. చూసినోని పేరు లేకుండ ఇంకోసారి పిలిస్తే డబ్బా రోడ్డు మీదికి ఇసిరేస్తనన్నడు.

వేరేటోడైతే మూల కూసుంటుండె. ఆయన తెల్లారి నా కాడికొచ్చిండు. "వదినా, నేను మీట ఇడిచి పోలేను, నువ్వు నా కండ్లు గావాలె. రెండు పూటల పాలు పోస్తవు, నీకు తెల్వని ఇల్లు లేదు" అన్నడు. నాకు అచ్చరం ముక్క రాదయ్యా అన్న. అచ్చరాలు నాయి, కండ్లు నీయి అన్నడు. నాలుగు మాటలు నేర్పిండు: ఏడ, ఏంది, ఎంతమంది, బండి ఎటుకెళ్లి పోతది. చూసింది చెప్పు, చూడంది చూడలే అని చెప్పు అన్నడు. దినాం నాలుగింటికి అడుగుతుండె, ఏం జూసినవ్ వదినా అని. ఏం లేదయ్యా అంటే అదే కొడుతుండె, ఏం లేదని. మీ తాతకైతే మస్తు కోపం. "వాని డబ్బాకు నా పెండ్లాం జాసూసా?" అని లొల్లి. నేను ఊకోలే. పొయ్యి కాడ కూసుంటే చూసేదేముంది, నేను ఊరంత తిరుగుతున్న, చూస్త అన్న.

చాయ చల్లగైతుంది, తాగు. అగో, ఆ ఏడే, మూడు దినాలు ఇడవకుండ వాన. సేటు టెలిఫోన్ చచ్చింది. మట్టి గోడలు నాని నాని, పొద్దున పాలు పోసి ఇంటికొచ్చినంక దబ్బున చప్పుడు. ఈశ్వరయ్య ఇల్లు. ఉరికిన. ఈశ్వరయ్య పనికి పోయిండు. పెండ్లాం సుగుణమ్మను దూలం తగిలి సోయి లేకుండ బయట పండబెట్టిన్రు. ఇద్దరు పోరగాండ్లు బెదిరి ఏడుస్తున్నరు, మాట లేదు. బస్తీ అంత ఒక్కటే మాట, అందరు బయటికొచ్చిన్రు, అందరు బయటికొచ్చిన్రని. ఉన్నది నలుగురు, ఒకడు పనికి పోయె, ముగ్గురు ఈడున్నరు, సరిపాయె అన్నరు. నాకు సరిపోలే. ఎందుకంటే ఆ పొద్దున ఆ ఇంటికి పావుసేరు ఎక్కువ పోసిన. ఎప్పుడు సుగుణమ్మ వచ్చి పట్టుకుంటది గిన్నె. ఆ దినం లోపటర్ర తలుపు సందుకెళ్లి ఒక చెయ్యి వచ్చింది. పచ్చగాజుల చెయ్యి. లోపల చంటిపిల్ల ఏడుపు. ఈశ్వరయ్య పెండ్లైన బిడ్డ సుశీల, చంటిదాన్నెత్తుకొని ముందునాడు మాపున వానల వచ్చింది తల్లిగారింటికి, బస్తీల ఎవలకు తెల్వదు. బయట ఉన్న ఆడోళ్ల చేతులన్ని చూసిన. పచ్చగాజులు లేవు.

పోయి చెప్పిన. రామ్‌చందర్ చెయ్యి మీట మీదనే ఆగింది. "లోపల చూసినవా వదినా?" అన్నడు. కూలినంక లోపల చూడలేదయ్యా. పొద్దున చెయ్యి చూసిన. బయట ఆ చెయ్యి చూడలే. అంతే నాది అన్న. నా దిక్కు చూసిండు. మళ్ల పొగే అయితే డబ్బా పోతది, ఇజ్జత్ పోతది, రేపు నిజంగ అంటుకుంటే పిలిచే దిక్కుండదు. నాకు తెలుసు, ఆయనకు తెలుసు. నేను చెప్పింది చెప్పినట్టే కొట్టిండు. ఒక మాట కలపలే, ఒక మాట తియ్యలే. చూసింది ఆగమ్మ, పాలామె అని నా పేరు పెట్టిండు. ముందటి గల్లీ ఇరుకు, మా కొట్టం ఎనకకెళ్లి రమ్మని కొట్టిండు.

ఆడ దరోగా సాబ్ "దేఖా కౌన్?" అన్నడంట. ఇది నేను చూడలే, ప్రకాశం చెప్పిండు. ఆగమ్మ, దూద్‌వాలీ అంటే, ఏం జూసిందని అడిగి, మొత్తం విని, టోపీ పెట్టుకున్నడంట. వచ్చిన్రు, మా కొట్టం ఎనకకెళ్లే. గోడ తీసిన్రు, దూలం తీసిన్రు. తలుపు చెక్క కింద సుశీల, ఆమె కడుపు కింద పిల్ల. ఇద్దరు బతికిన్రు. సుశీల చెయ్యి మాత్రం మళ్ల సక్కగ కాలే, ఆ పచ్చగాజుల చెయ్యే. అందరు బయటికొచ్చిన్రన్నోళ్లు ఒక్కొక్కరు జారుకున్నరు.

మరుసటేడు దునియా అంత లడాయి మొదలాయె, ప్రైవేటు డబ్బాలన్ని జమ చెయ్యాలని హుకుం. ఎత్తుకపోయి ఇచ్చొచ్చిండు. తీగ తనే ఇప్పి చుట్ట చుట్టిండు. గుంజ ఉండనీ వదినా, లడాయి ఐపోతది గద అన్నడు. గని దినాం నాలుగు గంటలు కొట్టంగ రావుడు ఆపలే. ఏం జూసినవ్ వదినా అని అడగాలె, నేను చెప్పాలె, నా పాల బకీటు మీద ఏలుతోని కొట్టాలె. ఎవలు వింటరయ్యా అంటే, చెయ్యి మరవొద్దు గద అనేటోడు. నలభై నాలుగుల జరమొచ్చి పోయిండు. లడాయి ఇంకా నడుస్తనే ఉండె.

తాగినవా? లే, చెప్పులేసుకో. అందరు బయటికొచ్చిన్రన్నవ్ గద. ఆ ఇంటికి పాలు పోసేదెవలు, అడిగినవా?