నాగవల్లి టీచరు కలిపిన పప్పన్నం

స్పూనా? ఉందిలే మురళీ బాబూ, ఇంట్లో ఉన్నదొక్కటే. ఇత్తాను గానీ ఓ మాటిను. పెద్ద కాలేజీలో ఇంజనీరు సదువు సదివేవోడివి, ఈ ఓల్డ్ సెటిల్‌మెంట్ రైలోళ్ల కోటర్సు కొంపకొచ్చి ఈ చిలకమ్మ సేతి పప్పన్నానికి స్పూనడిగితే నాకు నాగవల్లి టీచరు గుర్తుకొత్తాది మరి. ఎవులంటావా? నాను ఆయాగా సేసిన ఇంగ్లీషు బళ్లో టీచరమ్మ. ఎనభై ఆరో, ఏడో... వానాకాలం. ఇందా బజారు నుంచి రిక్షాలు కూడా రానేదా రోజు, రోడ్డంతా నీరే. సరే, అదెందుకిప్పుడు.

బడికి హెడ్మేస్ట్రమ్మ సరోజాదేవి మేడమ్. మన తెలుగావిడే, బొబ్బిలి పక్క. కానీ తెలుగు మాటాడితే నాలిక కందిపోతాదేమో అన్నట్టుండేది. ఫారిన్ నుంచి ఓ దొరసాని బడి సూడ్డానికొత్తందని, మజ్జాన్నం పిల్లగుంటల్తో కలిసి తింటాదని, ముందు నుంచే గుంటలకి స్పూన్లతో తినడం నేర్పించినాది. "చేత్తో తింటే జంగ్లీలనుకుంటారు" అని. నాగవల్లి టీచరు "మేడమ్, చిన్నపిల్లలు ఆకలితో ఇళ్లకెళ్తున్నారు" అంటే, "నీ ఉద్యోగం ఈ నెల పర్మనెంట్ అవ్వాలి, గుర్తుందా?" అన్నాది. గుర్తుండక? మొగుడు మంచాన పడ్డ మనిసి, ఆ జీతంతోనే ఇల్లు నడవాల.

దొరసాని వొచ్చినాది. పాపం ఆవిణ్ణేటీ అననులే, తన అలవాటు తనది, మెతుకు కింద పడకుండా ముచ్చటగా తిన్నాది. మా గుంటలో? పప్పన్నం స్పూన్తో ఎత్తడం, ఒళ్లో పోసుకోడం. శ్యామలని ఓ చిన్న గుంట, కంచం వొంక సూసి కళ్లనీళ్లు కుక్కుకుంటంది. నాగవల్లి టీచరు లేచినాది. సెయ్యి కడుక్కున్నాది. "చిలకమ్మా, బేసిను పట్టుకురా" అన్నాది. గిన్నెల్లో మిగిలిన అన్నం, పప్పు అందులో వొంపించి, నెయ్యేసి కలిపి, కింద కూకుని ముద్దలు సేసినాది. గుంటలు సుట్టూ మూగి సేతులు సాపినారు. ఎవులూ సెప్పనేదు బాబూ, ఇంట్లో అమ్మ కాడ సాపినట్టే సాపినారు.

"వాటీజ్ దిస్, నాగవల్లీ?" అని మేడమ్ పళ్లు కొరికినాది. "పిల్లలు అన్నం తింటున్నారు మేడమ్" అనీసి, ఓ ముద్ద మేడమ్ వైపూ సాపినాది ఈవిడ. ఆ మేడమ్ అరసెయ్యి దానంతటదే విచ్చుకున్నాది. నా కళ్లతో సూసినాను. మల్లీ ముడుసుకున్నాది. దొరసాని మెచ్చుకున్నాదా అంటావా? నాకేటి తెలుసు. మెచ్చుకోమని ఎవులడిగినారు?

నెల తిరక్కుండా టీచరమ్మ ఉద్యోగం పోనాది. ఏడ్సిందనుకున్నావా? ఈ కోటర్సు లైన్లోనే ప్రైవేట్లు సెప్పి మొగుణ్ణి సాకినాది. సాయంత్రం గుంటలకి ముద్దలు పెట్టకుండా ఒక్కనాడూ పంపనేదు. తొంభై నాలుగులో పోనాది, మారాజు తల్లి. పెద్దకర్మ బోజనాలకి ఎవులొచ్చినారనుకున్నావు? సరోజాదేవి మేడమ్. రిటైరైపోయి, జుట్టంతా నెరిసిపోనాది. నేల మీద కూకున్నాది. నాను గుంటలకి కలిపి పెడతంటే, "చిలకమ్మా, నాకూ ఓ ముద్ద పెట్టవే" అని సెయ్యి సాపినాది. తెలుగులోనే అడిగినాది.

పెట్టనేదు. మా ఇంట్లోంచి కంచం, స్పూను తెచ్చి ముందరెట్టినాను, అందరూ సూస్తుండగానే. ఇప్పుడైనా అంతే సేత్తాను.

ఇదిగో, ఆ స్పూనే ఇది. అందుకో మరి... ఏటి, సెయ్యి కడుక్కుంటావా? సెంబు గుమ్మం కాడుంది, ఎళ్లు.