పేరు అడగని పుస్తకం

ఈ రోజు మార్చి ముప్పై ఒకటి. సాయంత్రం అయిదింటికి నా ఉద్యోగం అయిపోతుంది. సోమవారం పొద్దున్న భద్రతా సంఘం కూర్చుంటుంది. నోటికొచ్చినట్టు మాట్లాడితే నాకు కోపం ముందొస్తుంది కనుక రాసుకొచ్చి చదువుతున్నాను.

వేదిక మీదున్న సభాపతిగారికి, నన్ను ముప్పై నాలుగేళ్లు భరించిన పెద్దలకు, భద్రతాధికారిగారికి, మూడో వరుసలో కూర్చున్న మా మనవరాలికి నమస్కారం.

దేశం ఏర్పడిన రోజున పెద్దలు రాసిన ఆరు వాక్యాల్లో నాలుగోది నా ఉద్యోగం: “ఎవరైనా ఈ శాసనసభకు వచ్చి, పేరు చెప్పకుండా ఒక మాట రాసి వెళ్లవచ్చు, ఏడు రోజుల్లో జవాబు గోడమీద అంటించాలి.” ఆ మాటలు రాసే పుస్తకాన్నీ, దాని గదినీ చూసుకునేది నేను. నేను చేరిన ఏడాది ఎవరో “సభాపతి నిద్రపోతున్నారు” అని రాస్తే, “కళ్లు మూసుకుని వింటున్నారు” అని జవాబు అంటించాం. (నవ్వులు) మీరు కాదండీ, అప్పటాయన.

ఏడేళ్ల కిందట ఒకడు సంచిలో కత్తితో దొరికాడు. సంచులు వెతకమని మొదట అడిగింది నేనే. అధికారిగారు ఆ సంగతి మరిచిపోయి నన్ను పాతకాలపావిడ అంటుంటారు. తరవాత రాసేవాళ్లకు ఫొటో తీయడం వచ్చింది, గది గుమ్మంలో వేలిముద్రల యంత్రం వచ్చింది. నాలుగో వాక్యాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు, చక్కగా ఫ్రేము కట్టించి ఆ యంత్రం పైనే తగిలించారు. పేరు చెప్పక్కర్లేదు, వేలు ఆనిస్తే చాలు, అదే చెబుతుంది.

అంతకుముందు ఏడాదికి నాలుగువందల పన్నెండు మాటలు రాసేవారు. నిరుడు మూడు. అందులో రెండు నా రాతలా ఉన్నాయని అధికారిగారి అనుమానం. మూడూ నావే. (నవ్వులు) ఒక్క బెదిరింపూ రాలేదని ఆయనకు పతకం ఇచ్చారు. మూడు మాటలకు గది దండగని, పుస్తకాన్ని మ్యూజియంకి పంపుదామని సోమవారం తీర్మానం పెడుతున్నారు.

పదకొండేళ్ల కిందట అందులో ఎవరో రాశారు: “వెనక మెట్ల తలుపు గడియ పట్టడంలేదు.” ఊడ్చే ఆవిడే అయ్యుంటుంది. పేరు అడిగితే రాసేది కాదు, గడియ బాగుందని సంతకం పెట్టింది ఆమెపై అజమాయిషీ చేసేవాడే. మర్నాడే కొత్త గడియ వేశారు.

ఈ పొద్దున్న పాసులో పుట్టినతేదీ తప్పుందని మా మనవరాలిని ముందు గేటులో ఆపేశారు. “ఇంటికి పోవే, రాత్రికి చదివి వినిపిస్తాలే” అని ఫోనులో చెప్పాను. పది నిమిషాల్లో నా ఎదుట నిలబడింది.

“ఎలా వచ్చావే?”

“వెనక తలుపు తోశాను అమ్మమ్మా. వచ్చేసింది.”

(భద్రతాధికారి లేచి నిలబడ్డారు)

కూర్చోండి అధికారిగారూ, పిల్ల ఎక్కడికీ పోదు. ఆ గడియ ఎన్నాళ్లుగా ఊడి ఉందో నాకు తెలియదు. తెలిసినవాళ్లు యంత్రాన్ని చూసి, రాయకుండానే వెనక్కి వెళ్లిపోయుంటారు.

ఇక జరగవలసినవి:

1. గడియ ఈ సాయంత్రమే మార్చాలి. నేను తోసి చూశాకే ఇంటికి వెళతాను.
2. సంచులు వెతకాలి, నాది కూడా. రాసేవాళ్లను మాత్రం ఏమీ అడగకూడదు.
3. సోమవారం యంత్రాన్ని తీసెయ్యండి, లేదా ఫ్రేము దించండి. రెండూ ఒకే గోడమీద ఉండకూడదు.
4. మా పిల్లను ముందు గేటులోంచి పంపించాలి.

ఇదంతా పొద్దున్నే యంత్రం ఆపేసి, పేరు లేకుండా పుస్తకంలో రాశాను. ఏడో రోజున గోడమీద జవాబు చూసుకోవడానికి వస్తాను, అందరితోపాటు వరుసలో నిలబడి. ఇన్నాళ్లూ నా మాట విన్నవారికి, విన్నట్టు నటించినవారికి కృతజ్ఞతలు. సెలవు.