యాదక్క మంచం కింది ఇటుకలు

"రాత్రి బువ్వ ఏడులోపల తింటున్నవా అమ్మా" అని డాక్టర్ అడిగితే, రెప్ప కొట్టకుండ తలూపినవ్ గదనే అక్కా! అబద్ధానికి ఎంత నిబ్బరం! ఢిల్లీల చర్చలకు మా ఉద్యమపోళ్లు నిన్ను పంపితే సరిపోతుండె!

ఆగు, లేవకు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఆటోల కూసొనే ఒచ్చినం. అయినా దిగి పదడుగులేస్తే ఎగపోస్తున్నవ్. సమ్మె పుణ్యాన గీ ఎల్‌బీ నగర్ చౌరస్తాల బస్సులు లేవు, పొగ లేదు. జర గాలి పీల్చుకో. అగో, ఎదురుంగ కనవడేదే మా దీక్షా శిబిరం. బ్యానర్ రాసింది నేనే. ఏందీ, అక్షరాలు వంకరున్నయా? టైలరమ్మవు, నీ కండ్లకు లోకమంత వంకరే!

చేతులియ్యి. డాక్టర్ రూంల ఏసీకే వేళ్లు తెల్లవడ్డయి. అమ్మ పోయినకాడ నుంచి గీ వేళ్లతోనే జాకెట్లు కుట్టి గీ తమ్మున్ని సదివించినవ్. ఇప్పుడు సూదిల దారం నేనెక్కిస్తే తప్ప ఎక్కదు.

స్క్లీరోడెర్మా అంటే తోలు బిగుసుకపోవుడే అనుకున్నం. వేళ్లకొక దవాఖాన, గుండెల మంటకు మెడికల్ షాపు, దగ్గుకు సీసా మందు. ఇయ్యాల గీ ఊపిరితిత్తుల డాక్టర్ ఒక్క ప్రశ్నతోని మూడింటినీ ముడేసిండు. "పండుకుంటే పులుపు గొంతులకొస్తదా?"

సమజ్ కాలేదా? నా భాషల చెప్త. నీ ఆహారగొట్టంల కార్మికులు సమ్మెల ఉన్నరు. అన్నాన్ని కిందికి నెట్టేటోడు లేడు. కడుపు గేటుకాడి కావలోడు కూడ డ్యూటీ బంద్ వెట్టిండు. నువ్వు తినంగనే పండుకుంటవ్. కడుపుల పులుపు ఎనుకకు తిరిగొస్తది, నిద్రల బొట్టుబొట్టు ఊపిరితిత్తులల్లకు దిగుతది. ఆక్రమణ నశించాలె!

నవ్వకు, దగ్గొస్తది. చూసినవా, ఒచ్చింది. ఇగో నీళ్లు. మెల్లగ.

అంత దానితోనే కాదన్నడు డాక్టర్. రోగమే ఊపిరితిత్తులను గట్టిపరుస్తదట, గా పులుపు దానికి తోడైతుందని ఆయన అనుమానం. స్కాన్‌ల కింది భాగమంత చేపల వల లెక్క గీతలు. పోయింది మళ్ల రాదు. మిగిలింది కాపాడుకోవాలె, అంతే. మందులు ఏసుకోవాలె, తల దిక్కు మంచం ఎత్తాలె, ఏడులోపల తినాలె, తిన్నంక మూడు గంటల దాక పండుకోవద్దు.

నువ్వేమో నా కోసం "మహిపాల్ రానీ" అని రాత్రి పదింటి దాక గిన్నెల మీద మూతలు వెట్టి కూసుంటవ్. నేను రిలే నిరాహార దీక్ష అని పొద్దుగాల పదింటికి దండేసుకుంట, ఐదింటికి నిమ్మరసం తాగుత, ఫొటో దిగుత, పక్క సందుల మిర్చి బజ్జీలు తింట. నువ్వు దండ లేకుండ రోజూ దీక్షనే. పేపర్ల ఒక్కసారన్న పడ్డదా నీ ఫొటో?

ఇగ నవ్వింది చాలు, అటు చూడు. టెంటు కుడి గుంజ మొదట్ల నాలుగు ఇటుకలున్నయి. గుర్తువట్టినవా?

అవునే, తల దిక్కు ఎత్తుకు నీ మంచం కింద పెట్టినయే. చంపాపేట్ల మన ఇంటి నుంచి సంచిల మోసుకొచ్చి నేనే పెడితి. గాలికి టెంటు ఊగుతుంటే ఒక్క దినం కోసమని తీసుకొస్తి. నెల దాటింది.

తిట్టు. ఎందుకు తిట్టవ్? "పోనీరా, ఉద్యమానికి పనికొచ్చినయి" అంటవా? గీ మాటే నన్ను పరేషాన్ చేస్తది. జర కోపం తెచ్చుకోరాదే! హక్కులడుగు! నన్ను ఘెరావ్ చెయ్యి!

సరే, అయితే ఇంకోటి చెప్త. అప్పుడన్న కోపమొస్తదేమో.

ఉగాదికి ముందు, వేళ్లు చూసిన పాత డాక్టర్ రాసిచ్చిన కాగితం యాదికున్నదా? ఇంగ్లీషుల ఉండె, సదివి చెప్పు తమ్మీ అన్నవ్. మంచం ఎత్తాలెనని మొదటి లైను సదివి చెప్పిన. కింద ఇంకో లైను ఉండె. రాత్రి బువ్వ ఏడులోపల తినాలెనని. సదివిన. మనసుల సదువుకున్న. కాగితం మడిచి ఫైల్ల వెట్టిన.

మర్చిపోలే అక్కా. కావాల్ననే చెప్పలే.

చెప్తే నువ్వు నా కంటె ముందే తినేస్తవ్. వెయ్యి మందిల గొంతు చించుకొని ఇంటికొస్తే నా కోసం ఆకలితోని కూసున్న మనిషి ఉండదు. నాకు గా మనిషి కావాలె. దోపిడీ మీద గంటసేపు మాట్లాడుత, మస్తు చప్పట్లు కొడ్తరు. ఇంట్ల గదే చేసిన.

అటు చూడకు. నా దిక్కు చూడు.

ఏందీ? "మరి ఎన్నింటికొస్తవ్ రా ఇయ్యాల" అంటున్నవా? అంత చెప్పినంక గదేనా నువ్వడిగేది!

వద్దే తల్లీ. ఏడింటికి తిను. చల్లటి బువ్వ నేనే వడ్డించుకుంట. ఏందట్ల చూస్తవ్, నా మాట మీద నమ్మకం లేదా?

నాకూ లేదు తియ్యి. గందుకే, సంచి ఇట్లియ్యి. ముందుగాల ఇటుకలన్న తెస్త.