అసలుతో సమానం

కుమాసీలో ఒక చిన్న ఆఫీసు. డెన్మార్క్ వాళ్ళు ఊరికే పంచిపెట్టిన యాప్ కోడ్‌ను కాపీ చేసుకుని, కాన్పులు చేసే నర్సులకు ట్వీ భాషలో మాట్లాడేలా మార్చుకున్నారు. యజమాని ఒపోకు, కోడ్ రాసే సెర్వా.

"నేనేం చెయ్యలేదు సెర్వా. మన కోడ్ ఉంచే సైటే అడిగింది."

"ఏమని అడిగింది బాస్?"

"అసలు కోడ్ కంటే మన కాపీ వెనకబడింది, సమానం చెయ్యనా అని. నువ్వేగా చేద్దాం చేద్దాం అని నా ప్రాణం తోడేశావు."

"నేను చేస్తానన్నాను. మిమ్మల్ని చెయ్యమనలేదు. ఇంకేం అడిగింది?"

"ఏదో... మీరు మార్చుకున్నవి పారెయ్యనా అంది."

"మీరేమన్నారు?"

"పనికిరానివి పారేస్తుందేమో అనుకుని బటన్ నొక్కా."

"అవును మరి, రాళ్ళేవో బియ్యమేవో అదే ఏరుకుంటుంది. రెండేళ్ళ ట్వీ మాటలు బాస్. పొద్దున్నే ఎజిసు ఊళ్ళో నర్సమ్మకి, రక్తం ఆగకపోతే ఏం చెయ్యాలో డేనిష్‌లో చెబుతుంది."

"నీ కంప్యూటర్లో ఉంటాయిగా?"

"ఉండేవి. మొన్న మీరే దాన్ని తుడిపించి మీ మరదలికిచ్చారు."

"ఆవిడ సంగతి ఇప్పుడెందుకు... ఇంకెవరి దగ్గరా లేవా?"

"మనతో కోడ్ రాసిన కొనాడు దగ్గర ఉండేవి."

"ఆ పిల్ల పేరెత్తకు. మన కష్టాన్ని ఊరికే డెన్మార్క్ వాళ్ళకి పంపుతానంది. పనిలోంచి తీసేసి మంచిపని చేశా."

"చాలా మంచిపని. ఆ పిల్ల వెళ్ళిపోయాక అసలు కోడ్ వైపు చూసిన వాళ్ళే లేరు. అయినా మనది మనం పారేసుకోవాలి గానీ, ఇంకొకరికి ఇవ్వడమేంటి?"

"వెటకారం ఆపి ఏదైనా చెయ్యి. తినడానికి కెంకీ ముద్దలు తెప్పిస్తా, చేపతో."

"ఉండండి, ఫోన్‌లో తెరిచి చూస్తా, ఏం మిగిలిందో... బాస్, యాప్ మాట్లాడేది వింటున్నారా?"

"ట్వీ. ట్వీనే కదా? చూశావా, పారెయ్యలేదు. నేను చెప్పలా?"

"పారేసింది. ఇది అసలులోంచి వచ్చిన ట్వీ."

"డెన్మార్క్ వాళ్ళకి ట్వీ ఎప్పుడొచ్చింది?"

"రాలేదు. కొనాడు పంపితే అసలులో కలుపుకున్నారు. మీరు పనిలోంచి తీసేసిన మర్నాడే పంపింది."

"వద్దన్నా పంపిందా? ఎంత పొగరు."

"పొగరే మరి. లేకపోతే రేపు మీరే ఎజిసు వెళ్ళి నర్సమ్మ పక్కన నిలబడి ట్వీలో చెప్పాల్సొచ్చేది."

"సరేలే... ఎందుకు పంపినట్టు?"

"పంపేటప్పుడు అక్కడ కారణం రాయాలిగా, ఒక ముక్క రాసింది. చదవనా?"

"నన్ను తిట్టిందా?"

"లేదు బాస్. 'ఏదో ఒకరోజు మా బాసే ఆ బటన్ నొక్కుతాడు. ఇక్కడైతే భద్రంగా ఉంటాయి' అంది."