కెటిల్ లైమన్ పక్కన కూర్చున్నవాడు

లూషస్ ట్రిమ్ చొక్కా జేబులో కొత్త మౌతార్గాన్ పెట్టుకుని హోబర్ట్ సెలూన్ వరండా మెట్లెక్కుతుంటేనే అక్కడ కూర్చున్న ఆర్డెల్లాకు అర్థమైపోయింది, ఇవాళ కోతలు తప్పవని.

ఎల్లుండి శనివారం, మౌతార్గాన్‌తో పేరు తెచ్చుకున్న ఆమె అన్న కెటిల్ లైమన్ పేరున టల్లాబెండ్ ఊళ్ళో మొట్టమొదటి బ్లూస్ పాటల పండుగ. అన్న పోయి పన్నెండేళ్ళయింది. కరకట్ట పక్కన స్టేజి కట్టారు, మెంఫిస్ నుంచి మూడు బృందాలు వస్తున్నాయి, ఊళ్ళో ప్రతి గోడమీదా ఆయన బొమ్మే. తేలనిది ఒక్కటే, తొలి పాట ఎవరు అందుకోవాలని. "మా అన్న పక్కన కూర్చుని వాయించినవాడే అందుకోవాలి" అని ఆర్డెల్లా పట్టుబట్టింది. తీరా చూస్తే అలాంటివాడు ఒక్కడూ మిగల్లేదు. గిటారాయన పోయాడు, డ్రమ్మాయన పోయాడు. అన్నని నిజంగా విన్నవాళ్ళే లేని ఊళ్ళో అన్న పేరున పండుగేమిటని, ఎనభై ఒకటో ఏట ఆవిడకి బెంగ పట్టుకుంది.

లూషస్ టోపీ తీసి వంగాడు. పత్తి గింజ తీసే జిన్నింగు మిల్లులో నలభై ఏళ్ళు పత్తి తోసిన మనిషి, పని మానేశాక నోటికే పని చెప్పాడు.

"తొలి పాటకి మనిషి దొరకలేదట కదా, మిస్ ఆర్డెల్లా. నేనుండగా మీకు దిగులెందుకు?"

"నువ్వు మా అన్నతో వాయించావా?" అంది ఆవిడ ఉడికిన వేరుశనక్కాయ ఒలుచుకుంటూ.

"పెద్దగా ఏం లేదులెండి. ఒక్క శనివారం మధ్యాహ్నం, మే బెల్ నడిపిన రేకుల సారా పాకలో. ఆయనకి ఆ రోజు కాస్త దగ్గు, 'లూషస్, ఇలా వచ్చి కూర్చోరా, రెండు పాటలకి సాయం పట్టు' అన్నాడు, నేను పట్టాను, అంతే, చెప్పుకోదగ్గ విషయం కాదు."

"చెప్పుకోకు మరి" అన్నాడు లోపల ఒకాయన గడ్డానికి నురగ పట్టిస్తున్న హోబర్ట్.

"అడిగారు కాబట్టి చెబుతున్నా. మొదటి పాటకి ఆయనో పక్క, నేనో పక్క, ఇద్దరం కలిసి ఊదాం చూడండీ, పాక మీద రేకులు నాలుగు లేచి పక్కింటి కోళ్ళగూటి మీద పడ్డాయి, మే బెల్ తిడుతుందనుకున్నా, ఆవిడ ఇంకా నయం, లోపల ఉక్కగా ఉంది, కాస్త గాలాడుతోంది అంది. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"చెప్పకపోతే నువ్వు బతకవు" అన్నాడు నురగ మొహం పర్విస్.

"రెండో పాటకి నేను తప్పుకున్నా, ఆయన ఒక్కడే ఊదాడు. జూలై నెల, పత్తి ఇంకా పచ్చికాయ. ఆ ఊదుడికి ఎదురుగా ఉన్న ముప్పై ఎకరాల్లో కాయలన్నీ ఒక్కసారి పగిలి, పత్తంతా లేచి, దారి తనకి తెలిసినట్టు మా మిల్లులోకి వచ్చి కూర్చుంది. పొద్దున్నే మేస్త్రీ వచ్చి, ఇదెవడు కోశాడ్రా అంటే నేను నోరెత్తలేదు, లైమన్ గారికి కూలిపని అంటగడతారని."

"పత్తి గింజలు కూడా అదే తీసేసుకుందా?"

"హోబర్ట్, నువ్వు గడ్డం చూసుకో, పర్విస్ చెవి తెగుతుంది. అసలు సంగతి ఇంకా రాలేదు. సరిగ్గా అప్పుడే మెంఫిస్ వెళ్ళే గూడ్సు ఊరు దాటింది, నలభై రెండు పెట్టెలు, మూడు మైళ్ళు పోయింది కూడా. ఈయన ఇంకో ఊదు ఊదాడు. రైలు నిలబడింది. నిలబడి ఊరుకుందా, వెనక్కి నడిచింది. పెట్టె వెనక పెట్టె మే బెల్ పాక ముందుకొచ్చి ఆగింది, డ్రైవరు కిందికి దిగి, ఆ పాట ఇంకోసారి వాయిస్తే గానీ కదలనన్నాడు."

"వాయించాడా?" పర్విస్ తెలియకుండానే ముందుకు వంగాడు.

"వాయించకేం, అక్కడే వచ్చింది తంటా. మిసిసిపీ నది మూడు గంటలు ఎగువకి పారింది. ఇక్కడి క్యాట్‌ఫిష్‌లు మెంఫిస్‌లో తేలి దిక్కులు చూశాయి. దిగువ లూసియానా మొసలి ఒకటి మన కరకట్టెక్కి, అయ్యా ఇది ఏ ఊరని నన్నడిగింది. అడిగిందంటే అడిగిందనుకునేరు, మొహం అలా పెట్టింది. ఆయన పక్కన కూర్చున్నవాణ్ణి, ఆ మొసలికి దారి చెప్పినవాణ్ణి, శనివారం తొలి పాట నాకు కాక ఇంకెవరికిస్తారు చెప్పండి."

ఆర్డెల్లాకి నవ్వూ వచ్చింది, కాస్త కోపమూ వచ్చింది. అన్న బక్కపలచని మనిషి. నదిని తిప్పలేదు. వినేవాళ్ళ కంట నీళ్ళు తెప్పించేవాడు, అది చాలదా అనిపించింది.

"మా అన్న ఊదాడా?" అంది.

"బుగ్గలు ఇంతింత చేసి ఊదాడు, మిస్ ఆర్డెల్లా."

"ఊదితే చర్చి పాట వస్తుంది, లూషస్. బ్లూస్ కావాలంటే గాలి లోపలికి లాగాలి. మా అన్న పీల్చేవాడు. ఆయన పక్కన అరగంట కూర్చున్నవాడికైనా ఆ సంగతి తెలుస్తుంది."

హోబర్ట్ కత్తి ఆపాడు. లూషస్ తడబడి, అంతలోనే తేరుకున్నాడు. "నేనూ అదే కదండీ చెప్పేది. పీల్చాడు కాబట్టే రైలు వెనక్కొచ్చింది. ఊదితే మెంఫిస్‌కి ఇంకా తొందరగా పోయేది కాదూ?"

పర్విస్ తొడ చరిచాడు. ఆర్డెల్లా కూడా మెచ్చుకోలుగా తలాడించింది.

"నిజమే. మూడు మైళ్ళవతల నలభై రెండు పెట్టెలు లాక్కొచ్చిన మనిషి, పక్కనే కూర్చున్న నిన్నెలా వదిలేశాడు? నువ్వు మా అన్న గొంతులో ఇరుక్కుని ఉండాలే."

పర్విస్ నవ్వుకి నురగ హోబర్ట్ చొక్కా మీద చింది పడింది. లూషస్ కూడా నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. జేబులోంచి మౌతార్గాన్ తీసి, మెట్టు మీద కూర్చుని, ఇంకా ఊడని ధర చీటీని గోటితో గీకాడు.

"నిజంగా ఎక్కడున్నావు?" అని అడిగింది ఆర్డెల్లా, ఈసారి మెల్లగా.

"గోడ బయట." అతని గొంతు తగ్గింది. "మా అమ్మ చర్చిలో పాటల పెద్ద. మే బెల్ గుమ్మం తొక్కితే కాళ్ళు విరగ్గొడతానంది. గోడకి ఆనుకోవద్దని మాత్రం అనలేదు. పద్దెనిమిదేళ్ళపాటు, ప్రతి శనివారం, వెనక గోడకి ఆనుకుని విన్నాను. ఆయన మొహం పోస్టర్లోనే సరిగ్గా చూశాను, అందుకే ఊదాడో పీల్చాడో తెలీలేదు."

"ఇదీ కోతేనా?" అన్నాడు హోబర్ట్. ఆర్డెల్లా చెయ్యెత్తి ఆపింది.

"వింటూ కాలితో గోడ మీద తాళం వేసేవాడివా?"

"వేసేవాణ్ణి."

"తప్పు తాళం."

లూషస్ తలెత్తాడు.

"మా అన్న ఇంటికొచ్చి తిట్టేవాడు. గోడవతల ఒక మహానుభావుడున్నాడే, ఆర్డెల్లా, వాడి దెబ్బ ఒక్కటీ పడాల్సిన చోట పడదు అనేవాడు. వాడు రాని శనివారం మాత్రం, ఇవాళ పాట కుదర్లేదే అని అన్నం సగంలో లేచిపోయేవాడు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. ఇన్నాళ్ళూ వెతికిన మనిషి ఈ వదరుబోతేనా అని నవ్వొచ్చింది, సంతోషమూ వేసింది.

"నా గురించి అన్నాడా?" లూషస్‌కి ఆ మాట మీద ఇంకేమీ కలపబుద్ధి కాలేదు.

"అన్నాడు. తొలి పాట మెంఫిస్ వాళ్ళు అందుకుంటారులే. నువ్వు స్టేజి వెనక చెక్కగోడకి ఆనుకుని కాలితో తాళం వెయ్యి."

అతను మౌతార్గాన్ మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "తప్పుగానే వెయ్యాలా, మిస్ ఆర్డెల్లా?"

"సరిగ్గా వేస్తే నువ్వే వచ్చావని మా అన్నకెలా తెలుస్తుంది?"