జబర్దస్తీగా ఎక్కించిన డ్రైవరు

2001 మే 17, గురువారం. పొద్దుటి నుంచి రాయచూరు పెనం మీద పెట్టినట్టు కాలింది. మూడు గంటలప్పుడు పడమటి దిక్కున ఎర్రటి దుమ్ముగాలి లేచి, దుకాణాల ముందరి తడకలను ఎగరగొట్టి, రూపాయి బిళ్ళలంత చినుకులు నాలుగు రాల్చి, ఇక చాలన్నట్టు వెళ్ళిపోయింది. గాలితో పాటు కరెంటూ పోయింది. కృష్ణ ఒడ్డున అంత పెద్ద కరెంటు ప్లాంటు పెట్టుకున్న ఊరికి కరెంటు పోవడం వింతేమీ కాదు. పొగా బూడిదా మన మీద పోసి వెలుగును ఎటో పంపుతారని గొణుక్కోని వాడు ఆ ఊళ్ళో లేడు. కానీ ఆ రోజు పోయిన తీరు వేరు. రాయచూరుతో పాటు చిక్కసూగూరు, యాపలదిన్ని, ఇడపనూరు, ఇంకా ఎక్కడెక్కడిదాకానో ఒక్కసారే పోయింది. పొద్దు గూకుతున్నా రాలేదు.

ఇంట్లో ఉక్క భరించలేక పత్తి కమీషను వ్యాపారి వీరభద్రయ్య అరుగు మీదికి వచ్చి పడక కుర్చీలో వాలాడు. ఆయనకు డెబ్బై ఎనిమిదేళ్ళు. మేనల్లుడు అనంతయ్య పక్కన కూర్చుని విసనకర్ర విసురుతున్నాడు. ప్లాంటులో బొగ్గు దించే దగ్గర పనిచేసే నాగన్న, డ్యూటీ దిగి ఇంటికి పోతూ, అలవాటు ప్రకారం ఒక కాలు మెట్టు మీద పెట్టి నిలబడ్డాడు. అరుగు నడిమధ్య, స్తంభానికి వీపు ఆనించి, చెన్నకేశవరావు.

చెన్నకేశవరావు వీరభద్రయ్య తమ్ముడి కొడుకు. నోటి ముందు మైకు పెట్టనవసరం లేని మనిషి. కుక్క అరిస్తే పులిని తరిమానని చెప్పేవాడు. వీరభద్రయ్యకు మగపిల్లలు లేరు. తన తర్వాత దుకాణంలో గద్దె మీద ఎవరు కూర్చోవాలో శుక్రవారం పూజ అయ్యాక చెబుతానని ఆయన ఇంట్లో అందరికీ చెప్పి ఉన్నాడు. పత్తి వ్యాపారంలో బొంబాయి ధర ముందుగా తెలిసినవాడిదే ఆ రోజు. వెనక ట్రంకు కాల్ బుక్ చేసి మధ్యాహ్నం దాకా ఫోను పక్కన కూర్చునేవాళ్ళు. ఆ విసుగు పడ్డవాడు కాబట్టి ముసలాయన, "ధరలు పొద్దున్నే కంప్యూటరుల కనపడేటట్టు చేస్తానంటివి గద కేశవా, చేసి చూపియ్యి," అన్నాడు. ఆ శుక్రవారం రేపే.

కరెంటు లేదు కనుక, చేసి చూపించమని ఈ సాయంత్రం ఎవరూ అడగలేరు. చెన్నకేశవరావుకు అదొక్కటే ధైర్యం. మూడు గంటలప్పుడు తన వేలు నొక్కిన బటనూ, మూడు గంటలప్పుడు పోయిన కరెంటూ ఆయన తలలో ఒకదాన్నొకటి పట్టుకుని కూర్చున్నాయి. ఆ రెండూ విడివడే దాకా మాట్లాడుతూనే ఉండాలనిపించింది.

"డ్రైవరంటే బస్సు డ్రైవరు కాదు నాగన్నా," అని మొదలుపెట్టాడు. "మోడెం అంటే ఫోను తీగల నుంచి బొంబాయితోని మాట్లాడే పలక. దానికి మాట నేర్పే రాతే డ్రైవరు. విండోసుల అయితే పోరగాండ్లు సుత ఎక్కిస్తరు. నేను పెట్టింది లినక్స్! హైదరాబాదుల పుస్తకం కొంటే సీడీ ఊరికెనే ఇచ్చిండ్రు."

"ఊరికెనే ఇచ్చిండ్రంటే ఏదో తిరకాసు ఉంటది సాబ్."

"ఉంది మరి! ఇంటర్నెట్ రావాలంటే డ్రైవరు గావాలె. డ్రైవరు యాడుంది? ఇంటర్నెట్ల ఉంది!"

నాగన్న పకపకా నవ్వాడు. "మరెట్ల జేసినవ్ బావా?" అన్నాడు అనంతయ్య, విసరడం ఆపకుండా.

"స్టేషన్ రోడ్డుల ఇంటర్నెట్ కొట్టుకు పోయిన. ఫ్లాపీల దింపుకొచ్చిన. ఇంటికొచ్చి పెడితే ఫ్లాపీ ఖరాబు. మల్ల పోయిన, మల్ల దింపిన. ఈసారి ఫ్లాపీ మంచిదే, డ్రైవరు వేరే లినక్సుది. ఎండల తిరిగి తిరిగి నా నీడ సుత నాతోని రానంటే రానన్నది. ఆఖరికి సరైంది దొరికింది. ఎక్కించిన. అటెన్క ఏమైందో తెలుసా? మిషను నా ముఖం మీద రాసింది, నో సచ్ డివైస్ అని. అట్లాంటి సామానే లేదంట! పైసలిచ్చి తెచ్చిన సామాను, లేదంటది!"

ఇంతవరకు చెప్పిందంతా నిజమే. చెన్నకేశవరావు నోట ఇంత నిజం వరసగా రావడం అరుదు. ముసలాయన కూడా కళ్ళు తెరిచి విన్నాడు. అది చూసి చెన్నకేశవరావు గొంతు లేచింది.

"లినక్సుల రూట్ అని ఒక హోదా ఉంటది పెద్దనాయనా. నిజాం జమానల సుబేదారు లెక్క. రూటుగ లోపలికి పోతే మన హుకుంకు ఎదురు లేదు. నేను రూటుగ పోయిన. డ్రైవరును ఎక్కియ్యి అని రాసి, దాని పక్కన అడ్డగీత, ఎఫ్ అక్షరం కొట్టిన. అంటే జబర్దస్తీ! వింటే సరి, వినకుంటే మెడ పట్టి ఎక్కిస్త. ఎంటర్ నొక్కిన."

నొక్కిన మాటా నిజమే. అది ఏం చేస్తుందో తెలియకుండా నొక్కాడు. నొక్కిన క్షణంలో పంఖా ఆగింది, తెర నల్లబడింది, ఆ నలుపులో తన ముఖమే తనను చూసింది. బయట గాలి ఊళపెట్టింది. ఎంటర్ మీది వేలు ఎంతకూ లేవలేదు. ఇది మాత్రం చెప్పలేదు.

"నొక్కంగనే మోడెం కూత పెట్టింది చూడూ, గోడ మీది బల్లి కింద పడ్డది! ఫోను తీగ సర్రున వేడెక్కింది. నేను బొంబాయికి పో అంటే అది జోరు మీద ప్లాంటుల సొచ్చింది. ప్లాంటుల కంప్యూటరు లేచి నాకు సలాం కొట్టింది. ఏం హుకుం అన్నది. జర ఆగు అన్న. అంతే, ఆగింది."

నాగన్న నవ్వు ఆగిపోయింది. కాలు మెట్టు మీద నుంచి తీశాడు.

"సాబ్, నిజంగనే మూడింటికి బందైంది. నేను ఆడనే ఉన్న. ఒకదాని వెనక ఒక యూనిట్ పడిపోయింది. ఆవిరి ఇడిస్తే చెవులు పోయినయ్ అనుకున్నం. పెద్ద సాబులు చెప్పుల్లేకుండ ఉరికిండ్రు."

చెన్నకేశవరావు చెయ్యి వెనక్కి పెట్టి స్తంభాన్ని పట్టుకున్నాడు. ఇక్కడ నోరు మూసుకున్నవాడికి భయం ఉందని తెలిసిపోతుంది. మూసుకోకపోతే ఏమవుతుందో దేవుడికి తెలుసు. ఆయన నోరు ఆయన్ను అడగకుండానే రెండోదాన్ని ఎంచుకుంది.

"యూనిట్లేంది నాగన్నా! చిమినీల నుంచి పైకి పోయిన పొగ మల్ల లోపలికి పోయింది, నేను తెర మీద చూసిన! చక్రాలు ఎన్కకు తిరిగినయ్. ఎన్కకు తిరిగితే నీళ్ళు ఊకుంటయా? కృష్ణ మహాబలేశ్వరం దిక్కు ఎదురు ఎక్కింది! అటెన్క ఏమైందో తెలుసా? బొంబాయిల రైళ్ళు యాడివి ఆడనే నిలబడ్డయ్. సూరీని ముందరికి మబ్బు ఎవలు తెచ్చిండ్రనుకున్నవ్? ఆకాశంల తిరిగే ఉపగ్రహం సుత ఆగి, చెన్నకేశవరావుగారూ, నేను ముందరికి పోవాల్నా వద్దా అని..."

"సాలు," అన్నాడు వీరభద్రయ్య. కుర్చీలో నిటారుగా లేచి కూర్చున్నాడు. "నాగన్నా, ఆ సాబులు ఏమంటుండ్రు?"

"ఎవని వల్ల అయిందో పట్టుకోక ఇడువరంట. జీపులల్ల తిరుగుతుండ్రు."

ఆ మసక వెలుతురులో, సందు మొదట్లో, రెండు దీపాలు వెలిగాయి. జీపు. అది గుంతల్లో ఊగుతూ, ఒక్కో గుమ్మం మీద వెలుగు వేసుకుంటూ, ఈ ఇంటి వైపే వస్తోంది. సరిగ్గా అరుగు ముందర ఆగింది. ఇంజను ఆగలేదు.

చెన్నకేశవరావు స్తంభాన్ని వదిలి వెనక్కి జరిగాడు. గోడ తగిలింది.

"ఫోను నాది కాదు," అన్నాడు. ఎవరూ అడగకుండానే అన్నాడు. "కంప్యూటరు సుత నాది కాదు. రెండూ పెద్దనాయన పేరు మీదనే ఉన్నయ్. చెయ్యమన్నది ఆయననే. నాకేం ఎర్క? నొక్కమన్నడు, నొక్కిన."

వీరభద్రయ్య తమ్ముడి కొడుకు వైపు ఒకసారి చూశాడు. తర్వాత కుర్చీ చేతుల మీద బరువు మోపి లేచాడు. చిలక్కొయ్యకున్న కోటు అందుకుని, అంత ఉక్కలోనూ, బొత్తాలు పెట్టుకున్నాడు.

"పిల్లగానికి తెల్వదు," అన్నాడు జీపు వైపు తిరిగి. "లైను నాది. నేనొస్త."

నలభై రెండేళ్ళ పిల్లగాడు గోడకు అంటుకునే ఉన్నాడు. అనంతయ్య విసనకర్ర కింద పెట్టి, మేనమామ చెప్పులు తెచ్చి ఆయన కాళ్ళ ముందర పెట్టి, తన చెప్పులూ తొడుక్కున్నాడు. "నేను సుత వస్త మామా," అన్నాడు.

జీపులోంచి ఒకాయన తల బయటపెట్టాడు. "అజ్జా, చిక్కసూగూరిగె దారి యావుదు?" అన్నాడు కన్నడంలో.

చిక్కసూగూరికి దారి! అనంతయ్యే చెయ్యి చాచి చూపించాడు. "గాలికి రేకులు లేచి పెద్ద తీగల మీద పడ్డాయి, ఆ ధాటికే ప్లాంటు ఆగింది, వాటిని దించే మనుషుల కోసం పోతున్నాం," అని ఆయన పనిలో పనిగా కన్నడంలోనే చెప్పి, జీపు తిప్పుకుని వెళ్ళిపోయాడు.

సందులో దుమ్ము అణగకముందే చెన్నకేశవరావు గోడను వదిలాడు. ఊపిరి అందుకున్నాడు. "రేకులంట!" అని నవ్వబోయాడు. "వాండ్లకేం తెల్సు? పరువు కోసం రేకులంటుండ్రు. మోడెం కూత నేను ఈ చెవులతోని..."

"యా మోడెం రా కేశవా?"

వీరభద్రయ్య భార్య రంగవ్వ కడప మీద నిలబడి ఉంది. కేకలు విని వచ్చింది. చేతిలో దేవుడి గూట్లో వెలిగించిన దీపం.

"బొంబాయితోని మాట్లాడే పలక, పెద్దమ్మా. కంప్యూటరుల ఉంది గద."

"పచ్చగ, అంచుకు బంగారు రంగు పండ్లున్న పలకనా? అది దేవుని అర్రల ఉంది గదరా! మొన్న కంప్యూటరు బిగించేటాయన వచ్చినప్పుడు నువ్వు నిద్రపోతుంటివి. కొత్త సామాను దేవుని ముందర పెట్టకుండ డబ్బాల ఎట్ల పెడ్తవయ్యా, శుక్రారం పూజ అయినంక వచ్చి పెట్టు అన్న. సరే అమ్మా అని ఖాళీ డబ్బాకు మూత బిగించి పోయిండు. నేను దాని పండ్లకు ఒక్కొక్కదానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పువ్వు పెట్టిన."

నాగన్న నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. "మరి ఫోను తీగ యాడ పెట్టినవ్ సాబ్?"

డబ్బా వెనక ఏదో పొక్క కనిపిస్తే చెన్నకేశవరావు తీగను అందులో దూర్చాడు. ఇన్నాళ్ళూ లేని పలకకు డ్రైవరు ఎక్కిస్తూ, లేదు మొర్రో అని మిషను చెబుతుంటే మిషనునే తిట్టాడు.

పరువు పోయిందని ఆయనకు తర్వాత తెలిసింది. ముందు తెలిసింది మాత్రం వేరే. "అయితే నేను కాదు," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "పెద్దనాయనా, నేను కాదు! నా వల్ల కాలేదు!" కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఏడుస్తూనే నవ్వాడు. అంత సంతోషంగా అబద్ధాలకోరుగా బయటపడ్డ మనిషిని ఆ వీధి చూడలేదు.

వీరభద్రయ్య కోటు బొత్తాలు ఒకటొకటిగా విప్పుతున్నాడు.

"కోతలకేం లేదురా," అన్నాడు. "పత్తి బేరంల నేను కొయ్యని కోత లేదు. కానీ జీపు వచ్చినప్పుడు నువ్వు అన్నది కోత కాదు." అనంతయ్య భుజం పట్టుకుని లోపలికి నడిచాడు.

శుక్రవారం పూజ జరిగింది, పలకను బిగించారు, మోడెం నిజంగానే కూత పెట్టింది. గద్దె సంగతి మాత్రం ముసలాయన ఆ రోజు ఎత్తలేదు. రెండేళ్ళ తర్వాత చలికాలంలో ఆయన పోయాక పెద్దమనుషుల ముందర పంపకం తెలిసింది. దుకాణం, గద్దె అనంతయ్యకు. ఇల్లు, బతికినన్నాళ్ళూ, రంగవ్వకు. ఇడపనూరు దగ్గరి చేను కూతురు సౌభాగ్యలక్ష్మికి. ఆ సాయంత్రం చెన్నకేశవరావు కూడా వచ్చి అరుగు చివరన కూర్చున్నాడు. అడిగినవాళ్ళకు మంచినీళ్ళు అందించాడు, ఎవరికీ ఏ కథా చెప్పలేదు. పంపకంలో ఆయన వాటాకు ఏమీ రాలేదు.